రేవు నీళ్లు, విడివిడి రంగులు

అందరికీ నమస్కారం.

మొదలుపెట్టే ముందు ఈ రెండు కాన్వాసుల్ని ఒక్క నిమిషం చూడండి. రెండూ ఒకే రేవు. గట్టు మీద ఒకే చోట నిలబడి వేసినవి. రెండింటికీ మధ్య చాలా ఏళ్లు గడిచాయి, అంతే. ఎడమ పక్కదాంట్లో నీళ్లు తడి సిమెంటులా బిగుసుకుపోయాయి. కుడి పక్కదాంట్లో నీళ్లు కదులుతున్నాయి, పడవలు కొద్దిగా ఊగుతున్నట్టు కూడా ఉంటుంది. రెండింటికీ వాడిన రంగులు మాత్రం అవే. అవే 7 ట్యూబులు, తెలుపుతో కలిపి 8. కాన్వాసు కొలత కూడా అదే.

ఎడమ పక్కది నేను ఆయిల్ రంగులు నేర్చుకుంటున్న రోజుల్లో వేసింది. బ్రోకెన్ కలర్ అనే మాట అప్పటికే విన్నాను. రంగుల్ని కలిపేయకుండా ముక్కలు ముక్కలుగా పక్కపక్కన పెట్టాలి, దూరం నుంచి చూస్తే అవే కలుస్తాయి అని అర్థం చేసుకున్నాను. పొద్దున్నే వెళ్లి నీలం, ఆకుపచ్చ, నారింజ, ఊదా అన్నీ చకచకా పెట్టేశాను. గంట తర్వాత నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే అక్కడ నీళ్లు లేవు. రంగు కాగితాలు చింపి చల్లినట్టు ఉంది. భయమేసింది. ఆ మచ్చల్ని సర్దుదామని మెత్తటి కుంచె తీసుకుని అటూ ఇటూ రాశాను. పది నిమిషాల్లో అంతా కలిసి బురదైపోయింది. కింద కుడి మూలలో మాత్రం కుంచె తగలని చోట ఒక నారింజ మచ్చ మిగిలింది. అది గుర్తుపెట్టుకోండి, చివర్లో దాని దగ్గరికి వస్తాను.

చాలా కాలం నా తప్పు ఆ సర్దడంలోనే ఉందనుకున్నాను. నిజానికి తప్పు మొదటి గంటలోనే జరిగిపోయింది. ఆ నారింజ దాని పక్కనున్న నీలం కంటే చాలా లేతగా ఉంది. ఆకుపచ్చ చాలా ముదురుగా ఉంది. అందుకే అవి నీళ్లలో కూర్చోకుండా పైకి తేలి కనపడ్డాయి. పక్కపక్కన ఏ రంగులైనా పెట్టొచ్చు, వాటిని ఎంతైనా తగువు పడనివ్వొచ్చు. లేత ముదురుల్లో మాత్రం అవి ఒక మాట మీద ఉండాలి. ఇవాళ నేను చెప్పాలని వచ్చింది ఇదే.

ఈ లేత ముదురుల్నే చిత్రకారులు టోన్ అంటారు. ఒక రంగు ఎరుపా, నీలమా అన్నది పక్కన పెట్టండి. నలుపు తెలుపు ఫొటో తీస్తే అది ఎంత ముదురు బూడిదగా వస్తుందో అదే దాని టోన్. కళ్లు సగం మూసి చూస్తే టోన్ బాగా తెలుస్తుంది, ఎందుకంటే అప్పుడు రంగు, వివరం రెండూ తగ్గి వెలుగు నీడలే మిగులుతాయి. కళ్లు చికిలించి చూడటం అలవాటు కానంతవరకు ఈ పద్ధతి జోలికి పోవద్దని నా విద్యార్థులకు ఖచ్చితంగా చెప్తాను. అనుమానం వస్తే ఫోన్ కెమెరాని నలుపు తెలుపులో పెట్టి చూసుకోండి, అందులో తప్పేమీ లేదు.

అసలు రంగుల్ని విడదీయడం దేనికి? పాలెట్ మీద బాగా కలిపి నున్నగా వేస్తే సరిపోదా? చాలా బొమ్మలకు సరిపోతుంది. ఇబ్బంది ఎక్కడ వస్తుందో చెప్తాను. ప్రతి రంగు పొడీ తన మీద పడిన వెలుగులో కొంత మింగేసి మిగతాది వెనక్కి పంపుతుంది. రెండు రంగులు కలిపితే రెండూ మింగుతాయి. మూడోది, నాలుగోది కలిపేసరికి వెనక్కి వచ్చే వెలుగు బాగా తగ్గిపోతుంది. మనం బురద అనేది దాన్నే. అదే రంగుల్ని పక్కపక్కన పెడితే ఒకదాని వెలుగును ఇంకొకటి మింగదు. కన్ను వాటి సగటును తీసుకుంటుంది.

సగటు అన్న మాట గమనించండి. ఇక్కడ ఒక అపోహ ఉంది. పసుపు, నీలం చుక్కలు దగ్గరదగ్గరగా పెడితే దూరం నుంచి ఆకుపచ్చ కనపడుతుందని చాలామంది చెప్తుంటారు. ఇంటికెళ్లి ఒక చిన్న అట్ట మీద పెట్టి చూడండి. దూరం వెళ్లేకొద్దీ కనపడేది బూడిదకు దగ్గరగా ఉండే రంగు. పాలెట్ మీద పసుపు, నీలం కలిపితే ఆకుపచ్చ రావడం వేరు, కంట్లో వాటి వెలుగులు కలవడం వేరు. చుక్క మరీ చిన్నదైతే, చూసేవాళ్లు మరీ దూరంగా ఉంటే, ఎంత కష్టపడి విడదీసిన రంగులైనా చల్లబడిపోతాయి.

జార్జ్ సూరా గురించి మీలో చాలామందికి తెలుసు. చిన్న చిన్న చుక్కలతో బొమ్మలు కట్టిన ఫ్రెంచి చిత్రకారుడు. ఆయన వేసవుల్లో సముద్రం ఒడ్డుకు వెళ్లి రేవులు వేసేవాడు. 1886లో ఆన్‌ఫ్లర్, 1888లో పోర్ట్-ఆన్-బెసాఁ, 1890లో గ్రావ్‌లీన్. ఆ బొమ్మల్లో ఒక అద్భుతమైన నిశ్శబ్దం ఉంటుంది, గాలి కూడా ఆగిపోయినట్టు. అవి నాకు ప్రాణం. కానీ కదిలే నీళ్లు కావాలనుకునేవాళ్లు ఆయన చుక్కను అనుకరిస్తే దెబ్బ తింటారు. ఆయన మిత్రుడు పాల్ సిన్యాక్ పడవ నడిపే మనిషి, 1892 నుంచి సాఁ-ట్రోపే రేవులో ఉంటూ బొమ్మలు వేశాడు. కాలం గడిచేకొద్దీ ఆయన చుక్క పెద్దదై, మొజాయిక్ పలకంత అయింది. పలక పెద్దదైతే కన్ను దాన్ని పూర్తిగా కలిపేయలేదు, పూర్తిగా విడదీయనూ లేదు. ఆ రెండింటి మధ్య ఊగుతుంది. నీళ్ల మీద మెరుపును చూస్తున్నప్పుడు మన కన్ను చేసే పని కూడా సరిగ్గా అదే. మనకు కావలసింది ఆ ఊగడం.

అందుకే ఈ పద్ధతి నేర్చుకోవడానికి రేవును మించిన చోటు లేదంటాను. తోటలోనో కొండ మీదో రంగుల్ని మనం విడదీయాలి. రేవులో నీళ్లే విడదీసి చూపిస్తాయి. ఒక చిన్న అలను ఊహించుకోండి. దానికి రెండు ముఖాలు. మన వైపు వాలిన ముఖంలో పైనున్న ఆకాశం ప్రతిఫలిస్తుంది, లేదా నీటి లోపలి రంగు కనపడుతుంది. అవతలి వైపు వాలిన ముఖంలో దూరపు ఆకాశమో, ఎదుటి గట్టో, పడవ పొట్టో ప్రతిఫలిస్తుంది. పక్కపక్కనే, జానెడు దూరంలో, రెండు మూడు వేరువేరు రంగులు. అలా వేలకొద్దీ అలలు. మీరు కుంచెతో చేయబోయేది అక్కడ ముందే జరిగిపోయి ఉంది.

1869లో ఫ్రెంచి చిత్రకారులు మోనే, రెన్వార్ ఇద్దరూ సెన్ నది ఒడ్డున లా గ్రెనుయేర్ అనే స్నానాల రేవు దగ్గర పక్కపక్కన నిలబడి బొమ్మలు వేశారు. నీళ్ల మీద అడ్డంగా, వెడల్పుగా, కలపకుండా పెట్టిన ఆ రంగు పట్టీల్ని చూస్తే ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. ముందు సిద్ధాంతం రాసుకుని వెళ్లి వేసిన బొమ్మలు కావు అవి. నీళ్లు అలా కనపడ్డాయి, అలా వేశారు. ఇంకొక చిన్న సంగతి కూడా దీని వెనుక ఉంది. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు రేకుతో నొక్కే ట్యూబుకు పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు ఆయిల్ రంగును పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి ఉంచుకునేవాళ్లు. అది పట్టుకుని గట్టు మీద నిలబడటం ఎంత కష్టమో ఆలోచించండి. ట్యూబు వచ్చాకే చిక్కటి, తాజా రంగు రేవు దాకా నడిచి వెళ్లింది.

ఇక మోనే 1872లో ల హావ్ర్ రేవును వేసిన సూర్యోదయం బొమ్మ. 1874లో పారిస్‌లో, ఫొటోగ్రాఫర్ నాదార్ పాత స్టూడియోలో పెట్టిన ప్రదర్శనలో దీన్ని చూపించారు. బొమ్మ పేరులోని 'ఇంప్రెషన్' అనే మాట పట్టుకుని ఒక విమర్శకుడు ఎగతాళి చేశాడు, ఆ ఎగతాళే ఒక ఉద్యమానికి పేరైంది. ఆ కథ అందరూ చెప్పేదే. నేను చెప్పాలనుకునేది అందులోని సూర్యుడి గురించి. ఆ నారింజ బింబం మండుతున్నట్టు కనపడుతుంది కదా. బొమ్మని నలుపు తెలుపులోకి మార్చి చూడండి, సూర్యుడు దాదాపు మాయమైపోతాడు. చుట్టూ ఉన్న ఆకాశానికి, సూర్యుడికి టోన్ దాదాపు ఒకటే. హార్వర్డ్‌లో చూపు మీద పరిశోధన చేసిన మార్గరెట్ లివింగ్‌స్టన్ ఈ సంగతిని విడమరిచి చెప్పారు. మన మెదడులో రంగును పట్టుకునే దారి వేరు, వెలుగు తేడాను బట్టి వస్తువు ఎక్కడ ఉందో, కదులుతోందో లేదో చెప్పే దారి వేరు. రంగు గట్టిగా కనపడుతూ వెలుగు తేడా లేకపోతే ఆ రెండో దారికి సూర్యుడు సరిగ్గా అందడు. అందుకే అతను ఒక చోట నిలవకుండా మినుకుమంటాడు.

ఇది తెలిసిన రోజున నాకు నా పాత బొమ్మలోని తప్పు ఏమిటో అర్థమైంది. నారింజ అక్కడ ఉండకూడదని కాదు. మోనే నీళ్లలోనూ నారింజ ఉంది. నా నారింజ టోన్ తప్పింది.

సరే, పాలెట్ దగ్గరికి వద్దాం. టైటానియం వైట్. లేత క్యాడ్మియం యెల్లో, యెల్లో ఓకర్ అనే మట్టి పసుపు, క్యాడ్మియం రెడ్, అలిజరిన్ అనే ముదురు ఎరుపు, అల్ట్రామెరీన్ అనే ముదురు నీలం, సెరూలియన్ బ్లూ, విరిడియన్ అనే ముదురు ఆకుపచ్చ. ఈ అభ్యాసానికి నలుపు పక్కన పెట్టండి. నలుపు చెడ్డదని కాదు, అది చేతిలో ఉంటే ముదురు కావాల్సిన ప్రతిచోటా దానికే చెయ్యి పోతుంది, అప్పుడు రంగులు వెతకడం మానేస్తాం. అల్ట్రామెరీన్‌లో అలిజరిన్, కొంచెం విరిడియన్ వేస్తే రేవుకు చాలినంత ముదురు వస్తుంది.

ఈ ట్యూబుల్లోంచి రంగు నేరుగా బయటికి వచ్చినప్పుడు దేని టోన్ ఎంత అన్నది ముందు తెలుసుకోవాలి. లేత పసుపు తెలుపుకు దగ్గరగా ఉంటుంది. క్యాడ్మియం రెడ్ మధ్యలో ఉంటుంది. అల్ట్రామెరీన్, అలిజరిన్, విరిడియన్ మూడూ దాదాపు నలుపంత ముదురు. ఇప్పుడు మధ్యరకం టోన్ ఉన్న నీళ్లు వేయాలనుకోండి. నీలంలో తెలుపు వేసి పైకి తేవాలి. ఎరుపులో కొద్దిగా తెలుపు చాలు. పసుపును మాత్రం కిందికి దించాలి. దించితే అది పసుపుగా ఉండదు, ఆలివ్ రంగో ఇటుక గోధుమో అవుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు. నీడలో ఉన్న నీళ్లలో ఎండ పొడ ఉందని శుద్ధమైన పసుపు పెట్టేస్తారు. అక్కడ ఉండాల్సింది ముదురు ఓకర్ లాంటిది. పాలెట్ మీద అది మట్టిలా కనపడుతుంది, నీలం పక్కన పడగానే బంగారంలా వెలుగుతుంది.

ఎందుకు వెలుగుతుంది? దీనికి ఒక కథ ఉంది. మిషెల్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త 1824లో పారిస్‌లోని గోబెలిన్స్ నేతశాలలో అద్దకం పనికి అధిపతిగా చేరాడు. నల్ల నూలు సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదు వచ్చింది. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. పక్కన నేసిన నీలం, ఊదా పోగుల వల్ల నలుపు వెలిసినట్టు కనపడుతోంది. ప్రతి రంగూ పక్కదాన్ని తనకు ఎదురు రంగు వైపు నెడుతుందని ఆయన 1839లో వివరంగా ప్రచురించాడు. రేవులో ఇది ఎలా పనికొస్తుందంటే, నారింజ రంగు పడవ పక్కన మామూలు బూడిద రంగు పెట్టండి చాలు, అది నీలంగా కనపడుతుంది. సెరూలియన్ ట్యూబు ముట్టుకోనక్కర్లేదు. అంతా గట్టి రంగులతో నింపితే ఏదీ వెలగదు. బూడిద రంగులు ఉంటేనే గట్టి రంగుకు విలువ. కుడి పక్క బొమ్మలో నాలుగింట మూడు వంతులు బూడిద రంగులే అని చెబితే మీరు నమ్మరు, కానీ దగ్గరికి వచ్చి చూడండి.

టోన్ సరిపోయిందో లేదో పాలెట్ మీదే తేల్చుకునే దారి ఒకటి చెప్తాను. నీళ్ల మొదటి రంగును, అంటే ఒక నీలి బూడిదను కాస్త ఎక్కువగా కలపండి. దాని పక్కనే ఒక ఆకుపచ్చ, ఒక ఊదా, ఒక వెచ్చటి గోధుమ కలపండి. ప్రతిదాంట్లోంచి పాలెట్ నైఫ్‌తో కొంచెం తీసి మొదటి రంగు ముద్ద మీద పెట్టి, కళ్లు సగం మూయండి. రెండింటి మధ్య గీత కరిగిపోతే టోన్ కుదిరింది. గీత గట్టిగా కనపడితే ఇంకా కుదరలేదు, తెలుపో ముదురో కలపండి. మొదట్లో దీనికి అరగంట పడుతుంది. పట్టనివ్వండి. ఈ అరగంట ఇస్తే తర్వాత కాన్వాసు మీద ధైర్యంగా పెట్టొచ్చు, ఏ రంగు తీసుకున్నా అది నీళ్లలోనే కూర్చుంటుంది.

తెల్ల కాన్వాసు మీద మొదలుపెట్టకండి. ఓకర్‌లో చిటికెడు క్యాడ్మియం రెడ్ వేసి, టర్పెంటైన్‌తో పల్చగా చేసి, అంతటా రాసి గుడ్డతో తుడిచేయండి. ముందురోజే చేసుకుంటే ఆరిపోతుంది. విడివిడిగా రంగు పెట్టినప్పుడు మధ్యలో సందులు మిగులుతాయి. ఆ సందుల్లోంచి తెలుపు కనపడితే బొమ్మంతా చిల్లులు పడినట్టుంటుంది. వెచ్చటి అడుగు రంగు కనపడితే, అదే అన్నింటినీ కలిపి పట్టుకుంటుంది. చల్లటి నీలం నీళ్ల మధ్య ఆ వెచ్చదనం ఉచితంగా వచ్చిన బ్రోకెన్ కలర్.

తర్వాత అరచేయంత కాగితం మీద మూడే టోన్లతో ఒక స్కెచ్. లేత, మధ్య, ముదురు. ఆకాశం ఏది, పడవలు ఏవి, నీళ్లలో వాటి నీడలు, అంటే ప్రతిబింబాలు, ఏవి. వెలుగు రెండు గంటల్లో పూర్తిగా మారిపోతుంది. ఆటుపోట్లు ఉన్న రేవైతే నీటిమట్టం మారి పడవ గట్టుకు పైకో కిందికో పోతుంది. లంగరు వేసిన పడవ గాలి మారితే మూతి అటు తిప్పుతుంది. కొన్ని అసలు వెళ్లిపోతాయి. ఈ చిన్న స్కెచ్ చేతిలో లేకపోతే మారే ప్రతిదాన్నీ తరుముతూ టెన్షన్ పడతాం. ఒక పడవ గీయడం మొదలుపెడితే దాన్ని పూర్తిగా గీసి పక్కదానికి వెళ్లండి. పడవ ఆకారం తప్పితే మీ రంగు ఎంత బాగున్నా అది తేలదు. పక్కకు వాల్చి సాగదీసిన ఎనిమిది అంకెలోంచి పడవ గీసే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, దాన్ని విడిగా సాధన చేయండి, ఇవాళ అందులోకి వెళ్లను.

కాన్వాసు మీద మొదట పెద్ద పెద్ద ముద్దలుగా, పల్చగా. పడవ, దాని నీడ కలిపి ఒకే ముదురు ముద్దగా వేసినా ఫర్వాలేదు. అప్పుడు నీళ్లు.

నీళ్ల గురించి నిదానంగా చెప్తాను, ఎందుకంటే బొమ్మ బతికేదీ చచ్చేదీ ఇక్కడే. మన కాళ్ల దగ్గరి నీళ్లను మనం పైనుంచి చూస్తాం. చూపు లోపలికి వెళ్తుంది. అందుకే అక్కడ నీటి సొంత రంగు, ముదురు, ఆకుపచ్చదనం ఎక్కువ. దూరపు నీళ్లను వాలుగా చూస్తాం, అక్కడ అది అద్దంలా ఆకాశాన్ని ఇస్తుంది. అంటే మామూలు రోజున దూరం లేత, దగ్గర ముదురు. ఒకే టోన్ అని ఇందాక అన్నాను కదా, అది నీళ్లంతటికీ ఒకటే అని కాదు. ఒక్కొక్క భాగంలో రంగులన్నీ ఆ భాగపు టోన్‌కు కట్టుబడాలి. దగ్గరి నీళ్లకు ఒక వరుస, మధ్యలో ఒక వరుస, దూరానికి ఒక వరుస. మూడు వరుసలు పాలెట్ మీద విడిగా కలిపి పెట్టుకుంటాను నేను.

కుంచె మచ్చలు దూరంలో సన్నగా, పొట్టిగా. దగ్గరికొచ్చేకొద్దీ పెద్దవి, మధ్యలో ఖాళీలు ఎక్కువ. ఏ మచ్చ అయినా అడ్డంగా, మట్టంగా ఉండాలి. కాస్త వాలినా నీళ్లు కాన్వాసులోంచి కారిపోతున్నట్టు ఉంటుంది. నీడల దగ్గర మాత్రం నేను ముందు నిలువుగా ముద్ద వేసి, తర్వాత ఆకాశపు రంగుతో అడ్డంగా కోస్తాను. ముదురు పడవ నీడ నీళ్లలో పడవ కంటే కొంచెం లేతగా ఉంటుంది. తెల్ల పడవ నీడ పడవ కంటే కొంచెం ముదురుగా ఉంటుంది. ఈ ఒక్కటి పాటిస్తే పడవ నీటి మీద ఉంటుంది, నీడ నీళ్లలో ఉంటుంది. ఇంకొకటి, నీడ అంటే పడవను తలకిందులు చేసి అతికించడం అనుకోకండి. నీళ్లు పడవను కిందినుంచి చూస్తున్నాయి. మనకు పడవ లోపలి బల్ల కనపడొచ్చు, నీడలో అది ఉండదు. అక్కడ పొట్ట ఎక్కువ కనపడుతుంది. తెరచాప కొయ్య ఎడమకు వాలితే నీడలోనూ ఎడమకే వాలుతుంది.

పెట్టే పద్ధతి గురించి. చదరపు మూతి ఉన్న గట్టి వెంట్రుకల కుంచె, వీలైనంత పెద్దది. రంగు నిండా ఎత్తుకుని ఒకసారి పెట్టండి, ఎత్తేయండి. వెనక్కి మళ్లీ వెళ్లొద్దు. రెండు మచ్చలు పెట్టగానే కుంచెను గుడ్డతో తుడవండి. వెచ్చటి రంగులకు ఒక కుంచె, చల్లటి వాటికి ఒకటి పెట్టుకుంటే ఇంకా మంచిది. తప్పు పడితే సర్దొద్దు, నైఫ్‌తో గీకి తీసేసి మళ్లీ పెట్టండి. ఎడమ పక్క బొమ్మని ఇంకోసారి చూడండి, సర్దితే ఏమవుతుందో అక్కడే ఉంది. రెండు రంగుల్ని సగం సగం కలిపి ఆ చారలతోనే కుంచెకు ఎత్తుకోవడం కూడా ఒక మంచి పద్ధతి. ఒక్క మచ్చలోనే రెండు రంగులు కనపడతాయి.

రెండో రోజు, లేదా నాలుగైదు రోజుల తర్వాత, కింది పొర ఆరాక ఇంకో పని చేయొచ్చు. కుంచెలో రంగు తక్కువగా, పొడిగా ఉంచి, పడుకోబెట్టి, కాన్వాసు గరుకు మీద తేలిగ్గా లాగండి. ఎత్తుల మీదే రంగు పడుతుంది, లోయల్లో పాత రంగు ఉండిపోతుంది. నీళ్ల మీద ఎండ తళుకుకు ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

[ఒక శ్రోత: మందంగా వేస్తే ఎన్ని రోజులకు ఆరుతుంది? నాది నెలయినా తడిగా ఉంది.]

మంచి ప్రశ్న. ఆయిల్ రంగు నీటి రంగులా ఆవిరై ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది. అందుకే పైన ముందు పొర కడుతుంది, లోపల చాలా కాలం మెత్తగా ఉంటుంది. రంగును బట్టి కూడా మారుతుంది. అంబర్ లాంటి మట్టి రంగులు త్వరగా ఆరతాయి, టైటానియం వైట్, అలిజరిన్ నిదానం. కింద పల్చగా, నూనె తక్కువగా, పైకి వచ్చేకొద్దీ నూనె ఎక్కువగా ఉండాలి. తలకిందులైతే పై పొర ముందు గట్టిపడి, కింది పొర ఇంకా కదులుతూ ఉంటే, పైది పగులుతుంది. మందంగా వేసిన బొమ్మకు వార్నిష్ వేయడానికి ఆరు నెలల నుంచి ఏడాది ఆగండి. ఇంకొక మాట, నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయొద్దు. ఆ ఆరే పనిలోనే వేడి పుడుతుంది, వాటంతటవే అంటుకోగలవు. విప్పి ఆరేయండి, లేదా మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్లు పోసి ముంచండి. ఇది దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

[మరో శ్రోత: తెరచాప కొయ్యలు, మోకులు ఎప్పుడు వేయాలి?]

అన్నింటికంటే చివర. ఆ మోకులు వేయడానికే పొడుగు వెంట్రుకల సన్నటి కుంచెకు ఇంగ్లీషులో రిగ్గర్ అనే పేరు వచ్చింది. కానీ స్కేలు పెట్టినట్టు పైనుంచి కిందికి ఒకే గీత లాగకండి. ఆకాశం లేతగా ఉన్నచోట కొయ్య ముదురుగా కనపడుతుంది, వెనక నల్లటి గిడ్డంగి వచ్చినచోట అదే కొయ్య లేతగా కనపడుతుంది, మధ్యలో ఒక చోట వెనకదానితో టోన్ కలిసి మాయమవుతుంది. మాయమైనచోట వదిలేయండి. కన్ను దాన్ని పూరించుకుంటుంది. గీత కూడా విరగాలి, రంగు ఒక్కటే కాదు.

[మొదటి వరుసలోంచి: ఆ పాత బొమ్మని మీరు తర్వాత సరిచేయలేదా?]

లేదు. దాన్ని అలాగే ఉంచాను. కానీ ఇవాళ మీ కోసం ఒకటి చేసి తెచ్చాను. ఈ చిన్న అట్టముక్క చూడండి. దీని మీద ఉన్నది ఆ మూలలో మిగిలిన నారింజే. అదే క్యాడ్మియం రెడ్, అదే పసుపు. చుట్టూ ఉన్న నీళ్ల టోన్‌కు వచ్చేదాకా అల్ట్రామెరీన్‌తో కొంచెం కొంచెంగా దించాను. చేతిలో పట్టుకుంటే తుప్పు రంగులా ఉంది కదా. దీన్ని ఇప్పుడు ఆ పాత మచ్చ మీద, సరిగ్గా దాన్ని కప్పేలా ఆనించి పట్టుకుంటాను. లైటు ఇటు తిప్పండి ఒకసారి. మీరంతా లేచి ఆ వెనక గోడ దాకా వెళ్లండి, కళ్లు సగం మూయండి. ముందు అట్ట ఉంచి చూపిస్తాను, తర్వాత తీసి చూపిస్తాను. నీళ్లు ఎప్పుడు నీళ్లలా ఉన్నాయో మీరే చెప్పండి.